మృదంగ విద్యార్థి సొంత ముక్తాయి కట్టుకోవడం ఎలా?

గురువు చెప్పిన పాఠాన్ని తడబాటు లేకుండా వాయించగలిగిన విద్యార్థి, తన సొంత ఊహతో రచనకు పూనుకోవడానికి ముక్తాయిని, అంటే ఒక పలుకును మూడుసార్లు వాయించి ముగించే ముక్కను, మించిన తొలి మెట్టు లేదని నా నమ్మకం.

ముందుగా ఆదితాళాన్ని తీసుకోండి. ఎనిమిది అక్షరాలు (తాళంలోని దెబ్బలు), చతురశ్ర నడకలో అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 32 మాత్రలు వస్తాయి. ‘తధిగిణతొం’ అనే ఐదు మాత్రల జతిని (పలుకుల వరుసను) మూడుసార్లు పలికి, నడుమ రెండేసి మాత్రల విరామం ఇస్తే మొత్తం 19 అవుతుంది కనుక, 13 మాత్రలు విడిచి, అంటే మధ్యవేలి లెక్కలో రెండో మాత్ర దగ్గర ఎత్తుకుంటే, సరిగ్గా సమానికి, అంటే తర్వాతి ఆవర్తనం తొలి దెబ్బకు, చేరుతుంది. విరామాలు అలాగే ఉంచి, అదే జతిని మూడుసార్లలో వరుసగా ఐదు, ఆరు, ఏడు మాత్రలుగా పెంచితే మొత్తం 22 అవుతుంది. అప్పుడు ఎత్తుగడ 10 మాత్రల తర్వాతకు జరుగుతుంది.

మృదంగాన్ని తాకకముందే, చేత్తో తాళం వేస్తూ నోటితో పలకండి. నోట కుదరనిది చేతిలో కుదరదు. విరామాన్ని కంగారుగా కుదించకండి, ఎందుకంటే శ్రోత మీ లెక్కను పట్టుకునేది ఆ నిశ్శబ్దంలోనే.

అయితే ఆకాశవాణి గ్రేడు పరీక్షకు వెళ్లినా, కచేరీలో కూర్చున్నా, పాటను అనుసరించే ఓర్పు అంతే ముఖ్యం. 2021లో పద్మశ్రీ అందుకున్న మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి వంటి తెలుగు విద్వాంసుల వాద్యాన్ని వినేటప్పుడు, తని ఆవర్తనంతో (కచేరీలో తాళవాద్యం ఒంటరిగా మోగే భాగంతో) పాటు కీర్తన నడిచే చోట్లనూ శ్రద్ధగా గమనించండి.