డిస్నీ వరల్డ్ ట్రిప్: గది లోపల తీసుకోవాలా, బయటా?

ఓర్లాండోలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్లాలనుకోగానే చాలామంది గది అద్దెలు పక్కపక్కన పెట్టి చూస్తారు. లోపలి హోటల్, అంటే డిస్నీ ఆవరణలోనే ఉన్న డిస్నీ సొంత హోటల్, ఖరీదుగా కనబడుతుంది, బయట బుక్ చేసేస్తారు. అద్దె కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మధ్యాహ్నం గదికొచ్చి పడుకుంటారా, లేదా? ఫ్లోరిడా ఎండలో చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ పొద్దున్నుంచి రాత్రి బాణసంచా దాకా తిరగలేరు. మధ్యలో రెండు మూడు గంటలు నడుం వాల్చాల్సిన కుటుంబమైతే గది దగ్గర్లో ఉండాల్సిందే.

డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. కారులో వచ్చినవాళ్లు పార్కు ముందు ఆపలేరు. టీటీసీ అని పిలిచే రవాణా కేంద్రం దగ్గర పార్క్ చేసి, సెక్యూరిటీ దాటి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు అవతలికి వెళ్లాలి. ఉబర్ కూడా సాధారణంగా టీటీసీ దగ్గరే దింపుతుంది. డిస్నీ హోటల్ బస్సు మాత్రం నేరుగా పార్కు గేటు పక్కన ఆగుతుంది. డిస్నీ వాళ్ల కాంటెంపరరీ హోటల్ నుంచైతే పది నిమిషాల నడక. కాబట్టి బయటి హోటల్ నుంచి పదిహేను నిమిషాలే అని మ్యాప్ చూపించినా, గేటు దాకా గంట వేసుకోండి. మధ్యాహ్నం గదికి వచ్చి వెళ్లాలంటే ఆ గంట మరో రెండుసార్లు పడుతుంది. మిగతా మూడు పార్కులైన ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్‌లకు ఈ తిప్పలు లేవు, కారు పార్కు దగ్గరే ఆపొచ్చు.

ఇక డబ్బు లెక్క. డిస్నీ సొంత హోటళ్లలో రిసార్ట్ ఫీజు, అంటే అద్దె మీద రోజూ వేసే అదనపు రుసుము, లేదు. హోటల్లో మామూలు పార్కింగ్, పార్కుల్లో పార్కింగ్ రెండూ ఉచితం. బయట ఉంటే పార్కు పార్కింగ్‌కే రోజుకు కనీసం 30 డాలర్లు వేసుకోవాలి. ఒకసారి కడితే ఆ రోజంతా నాలుగు పార్కులకూ చెల్లుతుంది. బయట 120 డాలర్ల గది దొరికిందనుకుందాం. రిసార్ట్ ఫీజు 35, హోటల్ పార్కింగ్ 20, పార్కు పార్కింగ్ 30 కలిపితే పన్నులు కాక 205 అవుతుంది. పోల్చాల్సింది ఈ అంకెతో. పాప్ సెంచరీ, ఆల్-స్టార్ లాంటి డిస్నీ చవక హోటళ్లు రద్దీ లేని వారాల్లో దీనికి దగ్గరగానే దొరుకుతుంటాయి.

లోపల ఉన్నవాళ్లకు ప్రతి పార్కులోకీ రోజూ అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, స్లింకీ డాగ్ డాష్ లాంటి పెద్ద క్యూల రైడ్లకు ఆ అరగంట బంగారం. కానీ అది దక్కాలంటే ఆ సమయానికి ఇంకో అరగంట ముందే గేటు దగ్గర నిలబడాలి. తొమ్మిదింటికి లేచి తాపీగా బయలుదేరే కుటుంబానికి దీనివల్ల ఏ లాభమూ లేదు, దానికోసం డబ్బు పెట్టకండి. క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌ను హోటల్ అతిథులు బస మొదలవడానికి 7 రోజుల ముందు, ఆ బస మొత్తానికీ ఒకేసారి కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు 3 రోజుల ముందే అవకాశం, అప్పటికి మంచి రైడ్ల పొద్దుటి స్లాట్లు చాలావరకు అయిపోతాయి.

లోపల కూడా ఇబ్బందులున్నాయి. బాణసంచా అవగానే బస్సు క్యూలు చాంతాడంత అవుతాయి. బస్సెక్కాలంటే స్ట్రోలర్ మడవాలి, నిద్రపోయే బిడ్డను చంకనెత్తుకుని. పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్ల నుంచి నడిచే స్కైలైనర్ కేబుల్ కార్లలో ఆ బాధ లేదు, మామూలు స్ట్రోలర్ అలాగే తోసుకెళ్లొచ్చు. అయితే అది ఎప్‌కాట్‌కూ హాలీవుడ్ స్టూడియోస్‌కే వెళ్తుంది, ఉరుములు మెరుపులు వస్తే ఆపేస్తారు. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ ఉచిత బస్సు 2022 జనవరితో ఆగిపోయింది, ఆ ఖర్చు విడిగా రాసుకోండి.

ఐదారుగురు దాటితే బయటే మేలని మా అభిప్రాయం. చవక హోటళ్ల మామూలు గదిలో నలుగురికే చోటు, వంట చేసుకునే వీలుండదు. పక్క ఊరు కిస్సిమీ వైపు అద్దె ఇళ్లలో వంటగది, వాషింగ్ మెషీన్ ఉంటాయి. పొద్దున్నే పులిహోర కలుపుకుని వెళ్లొచ్చు, గాజు సీసాలు, మద్యం తప్ప బయటి తిండిని పార్కుల్లోకి రానిస్తారు. ఇంటికి క్లీనింగ్ ఫీజు ఒకేసారి పడుతుంది కాబట్టి రెండు రాత్రులకు గిట్టదు, వారానికైతే సరిపోతుంది. హోటల్ "ఉచిత షటిల్" అంటే మాత్రం వెంటనే నమ్మకండి. రోజుకు ఎన్ని ట్రిప్పులు, రాత్రి చివరిది ఎన్నింటికి, ముందే సీటు చెప్పాలా, ఫోన్ చేసి అడగండి. చివరి బస్సు బాణసంచాకు ముందే వెళ్లిపోతే ఆ షటిల్ ఉన్నా లేనట్టే.

రెండూ కావాలంటే బస విడగొట్టండి. చెక్-ఇన్ రోజూ చెక్-అవుట్ రోజూ కూడా ముందు ప్రవేశం వర్తిస్తుంది, అంటే ఒక్క రాత్రి లోపల ఉంటే రెండు పొద్దుటిపూటలు కలిసొస్తాయి. గది మధ్యాహ్నం 3 దాకా సిద్ధం కాకపోయినా సామాను హోటల్లో అప్పగించి పార్కుకి వెళ్లిపోవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్‌లను ఆ రెండు రోజులకు పెట్టుకుని, మిగతా పార్కులు బయటి నుంచి చూడండి.