ఇంటి ముందు రెయిన్ గార్డెన్ ఎలా వేసుకోవాలి?

సిటీలో నాలుగడుగుల ఖాళీ స్థలం ఉంటే మనకు ముందు తట్టేది టైల్స్ వేసేయడమే. ఇక వాన పడితే నీళ్లన్నీ రోడ్డెక్కి, అక్కడి నూనె, దుమ్ము కలుపుకుని కాలువలో పడతాయి. ఆ నీళ్లను కాసేపు ఆపి నేలలోకి దింపే పల్లపు తోటే రెయిన్ గార్డెన్. ఇంకుడు గుంతకు చెల్లెలు అనుకోండి, కాకపోతే ఇక్కడ మొక్కల వేళ్లూ పనిచేస్తాయి.

మొదట, ప్లాన్ గీయకండి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికెళ్లి, డాబా మీది నీళ్లు ఏ పైపులోంచి దిగి ఎటు పారుతున్నాయో చూడండి. ఆ దారిలోనే తోట ఉండాలి.

తర్వాత చోటు. ఇంటి గోడకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి, సెప్టిక్ ట్యాంక్ దగ్గర వద్దు. ఎప్పుడూ నీళ్లు నిలిచే మూల బాగుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ అక్కడ నిలుస్తున్నాయంటేనే ఆ నేల నీళ్లు తాగడం లేదని అర్థం.

అసలు పని ఇప్పుడు, దీన్ని మాత్రం ఎగ్గొట్టొద్దు. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్ల గుచ్చి, నీటిమట్టం దగ్గర గీత పెట్టి గంట గంటకీ ఎంత దిగిందో చూడండి. మొదటిసారి పొడి మట్టి గబగబా తాగేస్తుంది కాబట్టి ఆ లెక్క నమ్మొద్దు. రెండోసారి రోజంతా గడిచినా 6 అంగుళాలు దిగకపోతే చోటు మార్చండి, లేదా కంపోస్టు బాగా కలిపి మళ్లీ చూడండి. బంకమట్టిలో గుప్పెడు ఇసుక కలిపితే చాలనుకునేరు, అది ఎండాక ఇటుకలా బిగుసుకుపోతుంది.

సైజు లెక్క తేలికే. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. 15 సెంటీమీటర్ల లోతున 15 చదరపు మీటర్లు తవ్వితే దాదాపు 2,250 లీటర్లు పడతాయి. అంత చోటు లేకపోతే ఉన్నంతలో తవ్వండి, ఏమీ లేనిదానికంటే నయం.

అడుగు చదునుగా ఉండాలి. తీసిన మట్టిని పల్లం వైపు గట్టుగా వేసి, నీళ్లు వచ్చి పడే చోట రాళ్లు పేర్చండి, లేకపోతే మొదటి వానకే కోసుకుపోతుంది. ఎక్కువైన నీళ్లు పోవడానికి గట్టులో ఒకచోట దారి వదలండి.

మొక్కలు మీ ప్రాంతంలో సహజంగా పెరిగేవే పెట్టండి: తడినీ ఎండనూ తట్టుకునేవి మధ్యలో, పొడి నేల కోరేవి అంచున. సీతాకోకచిలుకలు వాటంతట అవే వస్తాయి. మొదటి ఏడాది మాత్రం నీళ్లు పోయాలి, కలుపు తీయాలి.

దోమల టెన్షన్ అక్కర్లేదు. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది, ఇక్కడ నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతాయి. మూడో రోజుకీ నిలిచే ఉంటే అడుగున ఒండ్రు పేరుకున్నట్టే, పారతో పైపొర గీకి తీసేయండి.