టాకింగ్ టింబక్టూ వాయించాలంటే ముందు గిటార్ పక్కన పెట్టండి

మాలీ గిటారిస్ట్, గాయకుడు అలీ ఫర్కా టూరే పాటలు వాయిద్దామని కూర్చున్న చాలామంది గిటారిస్టులు చేసే తప్పే నేనూ చేశా, ముందు కార్డ్స్ వెతికా. రెండు వారాలు వెతికా. దొరకలేదు, ఎందుకంటే మనకి అలవాటైన టైపు కార్డ్ మార్పులు ఈయన సంగీతంలో పెద్దగా ఉండవు, పాట చాలాసేపు ఒకే శ్రుతి మీద కూర్చుని దాని చుట్టూనే తిరుగుతుంది.

టాకింగ్ టింబక్టూ ఆల్బమ్ 1994ది, మాలీ నుంచి అలీ, అమెరికా నుంచి గిటారిస్ట్ రై కూడర్, రికార్డింగ్ లాస్ ఏంజెలెస్‌లో, గ్రామీ కూడా వచ్చింది. మొత్తం 10 పాటలు.

మొదటి వారం గిటార్ ముట్టుకోకండి, సీరియస్‌గా చెప్తున్నా. హమ్మా సంకారే వాయించే కాలబాష్ ఒక్కటే వినండి, అదేం లేదు, ఎండిన సొరబుర్రని సగానికి కోసి బోర్లించి చేతుల్తో కొట్టడమే, కానీ పాట మొత్తం దాని మీదే నిలబడి ఉంటుంది. దాంతోపాటు తొడ మీద తాళం వేయండి. మీ తాళం జారిపోతోందంటే మీరింకా గిటార్‌కి రెడీ కాలేదన్నమాట.

తర్వాత నాలుగో ట్రాక్, సేగా. ఇందులో అలీ చేతిలో ఉన్నది గిటార్ కాదు, న్జార్కా, ఒంటి తీగ ఫిడేలు. కిటుకంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆయన చిన్నప్పుడు పట్టుకున్నవి ఇలాంటి ఊరి వాద్యాలే, గిటార్ తర్వాతెప్పుడో వచ్చింది, 1956లో గినీ కళాకారుడు ఫోదేబా కేతా బృందాన్ని చూశాక. అందుకే మీరూ ఒక్క తీగతో మొదలుపెట్టండి. మూడో తీగ మీదే ఒక చిన్న సంగతి తీసుకుని, పైకీ కిందకీ జరుపుతూ, నోటితో పాడుతూ వాయించండి, వేరే తీగ జోలికి వెళ్ళొద్దు. అది చేతికి ఎక్కాక బొటనవేలితో కింది స్థాయి ఖాళీ తీగని తంబూరాలా మోగిస్తూ ఉండండి, చూపుడువేలు పాట చూసుకుంటుంది. హ్యామరాన్ (మీటకుండా ఎడమచేతి వేలితో తీగని కొట్టడం), పుల్లాఫ్ (అదే వేలితో లాగి వదలడం) బాగా వాడండి, ప్రతి స్వరాన్నీ విడిగా మీటితే ఆ జారుడు రాదు.

స్వరాలు చాలాచోట్ల ఐదే. శుద్ధ ధన్యాసి రాగం తెలిసినవాళ్ళకి చెయ్యి దానంతటదే అటు వెళ్ళిపోతుంది, కాకపోతే గమకాలు మాత్రం వేయకండి, నేను వేసి రికార్డ్ చేసుకుని విన్నా, నవ్వొచ్చింది.

అమాంద్రాయ్ పాట దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. వినగానే బ్లూస్ అనిపిస్తుంది, వెంటనే తీగలు సాగదీసి మనకొచ్చిన లిక్స్ (చిన్న చిన్న రెడీమేడ్ ముక్కలు) అన్నీ దించేయాలనిపిస్తుంది. అమెరికన్ బ్లూస్ కళాకారుడు జాన్ లీ హుకర్‌ని మొదటిసారి విన్నప్పుడు అలీ అది మాలీ సంగీతమే అనుకున్నాడట! మీరూ ఆ వైపు నుంచే రండి, ముందు మాలీ పాటలా వాయించండి, బ్లూస్ ఉంటే అదే బయటికొస్తుంది.

ఇంకొకరి పక్కన ఎలా వాయించాలో తెలియాలంటే రై కూడర్‌ని వినండి, స్లైడ్‌లో (తీగల మీద గొట్టం జారుస్తూ వాయించడంలో) అంత పేరున్న మనిషి చాలాచోట్ల ఏమీ చేయనట్టే ఉంటాడు. అయ్ దూ పాటలో అమెరికన్ కళాకారుడు గేట్‌మౌత్ బ్రౌన్ వయోలా కూడా అంతే, అలీ గొంతు ఆగినచోట వచ్చి మళ్ళీ తప్పుకుంటుంది. ప్రాక్టీస్‌కి ఇలా చేయండి, మీ శ్రుతీ సంగతీ ఫోన్‌లో 5 నిమిషాలు రికార్డ్ చేసి దాని మీద రెండో గిటార్ వాయించండి, నిమిషానికి నాలుగు స్వరాలే, అంతకుమించి వద్దు. మొదట్లో చేతులు దురద పెడతాయి.

చివరి పాట దియారాబీని చివరికే ఉంచండి, అందరూ దాంతోనే మొదలుపెడతారు, స్వరాలు తేలిగ్గా దొరుకుతాయి కానీ ఆ తీరిక దొరకదు. అదీ అయ్యాక 1999 నాటి ఆయన ఆల్బమ్ నియాఫుంకే పెట్టుకోండి, ఆయన సొంతూళ్ళోనే రికార్డ్ చేసింది. మళ్ళీ మొదటి వారం గిటార్ లేకుండానే.