మత్తడి మీద ఒక్క బస్తా కూడా వద్దు

మొన్న పొద్దున వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పక్క మండలంలో ఒక కుంట, ముప్పావు వంతు నిండింది. మత్తడి, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు. దాని పొడవునా రెండు వరుసల ఇసుక బస్తాలు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తారు. కింద రాసింది: "ఈసారి యాసంగికి రంది లేదు." వెంటనే ఫోన్ చేసి తీసేయమన్నాను. "ఒక్క అడుగే గదనే, ఏమైతది?" అన్నాడు అవతలి తమ్ముడు. ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాతికేళ్లు చెరువు కట్టల పనుల మీద తిరిగాను. వానకు తెగిన కట్టలు చూశాను, మనం తెంపుకున్న కట్టలూ చూశాను. రెండో రకంలో ఎక్కువ వాటి మత్తడికి ఏదో ఒకటి అడ్డం ఉంది.

కట్ట మట్టిది. నీళ్లు దాని తల దాటి పారాయంటే ముందు బయటి వాలు అడుగున కోత మొదలవుతుంది. ఆ కోత పైకి పాకి, కట్ట తలను తినుకుంటూ చెరువులోకి చేరుతుంది. అదే గండి. నీళ్లు తల దాకా రాకుండా చూసేది మత్తడి ఒక్కటే. పొలాలకు నీళ్లు వదిలే తూము ఎంత తెరిచినా వరద ముందు అది చిన్న బెజ్జం.

లెక్క చూడండి. 30 అడుగుల పొడవు మత్తడి, దానికి 3 అడుగుల ఎత్తున కట్ట తల. నీళ్లు తలకు తాకేలోపు ఆ మత్తడి దాదాపు 480 క్యూసెక్కులు బయటికి పంపగలదు. అడుగు ఎత్తు బస్తాలు వేస్తే మిగిలేది 2 అడుగులు, పోయేది 260 క్యూసెక్కులు. తగ్గించింది మూడో వంతు ఎత్తే, పోయింది దాదాపు సగం దారి. నీటి మందం పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతుంది కాబట్టి, ఆ పై అడుగే అన్నిటికంటే ఎక్కువ నీళ్లు మోసేది. మనం పోగొట్టేది ఆ అడుగునే.

"పెద్ద వానొస్తే తీసేస్తం" అంటారు. ఎవరు తీస్తారు? ఒక ఊళ్లో రాత్రి రెండింటికి నడుముకు తాళ్లు కట్టుకుని ఇద్దరు దిగబోయారు, తొడల దాకా ఉరుకుతున్న నీళ్లలో అడుగు నిలవక వెనక్కి వచ్చారు. తెల్లారేసరికి కట్ట లేదు. మనుషులు దక్కారు గానీ కింది పొలాల్లో మోకాలెత్తు ఇసుక మేట వేసింది. రెండేళ్లు నాటు పడలేదు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఆ వానలకే వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి వాన మళ్లీ రాదని ఎవరమూ అనలేం.

ఇంకా నిండకముందు చేసేవి

మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో కట్ట తల పొడవునా లెవెల్ చూడండి. కంటికి సమంగా కనిపించే కట్ట నడుమ అర అడుగు కుంగి ఉంటుంది, ట్రాక్టర్లు దిగే చోట ఇంకా ఎక్కువ. నీళ్లు ముందుగా దాటేది అక్కడే. ఎత్తు పెంచాల్సింది అక్కడ, మత్తడి దగ్గర కాదు. పొరపొరగా మట్టి వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి.

కట్ట మీది సర్కారు తుమ్మలు నరకండి. పెద్ద చెట్టును మాత్రం ఇప్పుడు వేళ్లతో పెకిలించకండి, ఆ గుంత కట్టకు కొత్త గాయం. ఎండ్రకాయల బొరియలు, ఎలుక బొక్కలు తవ్వి గట్టిగా పూడ్చండి. కట్టను కోసి మోటారు పైపు వేయొద్దు. మత్తడి కింది కాలువలో పొలం గట్లుంటే తీయించండి.

ఊట, బుంగ

కట్ట అడుగున తేటనీరు ఊరుతుంటే గుర్తుపెట్టి, రోజూ చూడండి. నీళ్లు ఎర్రగా, బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. అదే బుంగ. తూము గోడ పక్కన ఇది ఎక్కువ, ఎందుకంటే అక్కడ రాయికీ మట్టికీ అతుకు సరిగ్గా కుదరదు. బయటి వైపు బంకమట్టితో మూయకండి. నీరు ఆగదు, ఇంకో చోట పొడుస్తుంది. ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేయాలి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. చుట్టూ బస్తాలతో గుండ్రంగా కట్టి నీళ్లు కొంత నిలబెడితే ఒరవడి తగ్గుతుంది. ఇసుక బస్తాలకు పని ఉన్నది ఇక్కడ. మత్తడి మీద లేదు.

వాన పట్టాక

- చేపల కోసం మత్తడికి కట్టిన జాలి విప్పండి. గడ్డి, తుంగ, గుర్రపు డెక్క చుట్టుకుంటే అదీ గోడే. సొసైటీ వాళ్లకు చేపలు పోతాయన్న బాధ న్యాయమైనదే, అయినా విప్పాలి.
- బస్తాలుంటే ఇవాళే తీయండి. రేపు కాదు.
- కట్ట మీదికి ట్రాక్టరు, జేసీబీ ఎక్కించొద్దు.
- రాత్రి కట్ట మీద ఒక్కరే నడవొద్దు. ఇద్దరు, టార్చిలైటు, తాడు.
- మత్తడి దుంకుతుంటే సెల్ఫీలకు దిగొద్దు. పిల్లలను అసలే పంపొద్దు.
- భయపడి కట్టకు మీరే గండి కొట్టొద్దు. అడుగు వెడల్పు కొడితే నీళ్లు దాన్ని అడుగుతో ఆపవు.
- తూము అంతా ఒక్కసారి తెరిచి చెరువును గబగబా దించొద్దు. తడిసిన లోపలి వాలు జారుతుంది.
- మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే కిందివీ వరసగా తెగుతాయి. బురదనీరు కనబడగానే ముందు కింది ఊరికి ఫోన్ చేయండి, తర్వాత ఇరిగేషన్ ఏఈకి, తహసీల్దారుకు. ఎవరూ ఎత్తకపోతే 112.
- గొడ్లను కొట్టాల్లో కట్టేసి ఉంచొద్దు, పలుపులు విప్పేయండి.
- కట్ట కింద ఇళ్లున్నవాళ్లు చీకటి పడకముందే బడికో, ఎత్తున ఉన్న చుట్టాలింటికో చేరాలి.
- వాన తెరిపిచ్చిందని మత్తడికి మళ్లీ బస్తాలు వేయొద్దు. పై చెరువుల నీళ్లు ఇంకా దారిలోనే ఉంటాయి.