టాపిక్ దొరికింది సరే, ప్రశ్న ఏది?

"రీసెర్చ్ పేపర్ దేని మీద?" అంటే "చెరువుల మీద" అనేస్తాం. అది టాపిక్, ప్రశ్న కాదు. అంతమాత్రంతో లైబ్రరీలో కూర్చుంటే నోట్‌బుక్ నిండుతుంది కానీ పేపర్ కదలదు. తెలంగాణలో చెరువుల పూడిక తీసి బాగుచేయడానికి 2015లో మొదలైన ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయను తీసుకుని ప్రశ్న ఎలా తయారవుతుందో చూద్దాం.

ముందు, ఆ విషయంలో మీకు నిజంగా తెలియనివన్నీ ఒక కాగితం మీద రాయండి. పూడిక మట్టి ఎవరి పొలాలకు వెళ్లింది? ట్రాక్టర్ కిరాయి ఎవరు పెట్టుకున్నారు? చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పెరిగాయా? చేపలు పట్టేవాళ్లకు ఏం ఒరిగింది? జవాబు ముందే తెలిసిపోయినవి కొట్టేయండి.

తర్వాత శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి. మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. మీ విషయం మీద ఎవరో రాసేశారని కంగారొద్దు. చివరి అధ్యాయం చదివితే వాళ్లు ఎక్కడ ఆగారో తెలుస్తుంది.

అసలు పని ఇప్పుడే. "పూడికతీత వల్ల రైతులకు లాభం కలిగిందా?" అని రాశారనుకుందాం. ఏ రైతులు? లాభమంటే దిగుబడా, ఎరువుల ఖర్చు తగ్గడమా? పైగా జవాబు అవుననో కాదనో తేలిపోతుంది. దాన్ని ఇలా మార్చండి: "పూడిక మట్టి వేసిన పొలాల్లో, వేయని పొలాలతో పోలిస్తే, మొదటి రెండేళ్లలో ఎరువుల ఖర్చు ఎంత మారింది?" బాగానే ఉంది. కానీ అప్పటి యూరియా బస్తాల లెక్క ఇప్పుడు ఏ రైతుకు గుర్తుంటుంది?

అందుకే ప్రశ్న నచ్చగానే డేటా దొరుకుతుందో లేదో చూసుకోవాలి. బోర్లలో నీటిమట్టం సంగతే తీసుకోండి. 2015లో కరువు, 2016లో మంచి వానలు. నీళ్లు పెరిగితే అది చెరువు వల్లా, వాన వల్లా? పూడిక తీయని చెరువుతో పోల్చకపోతే తేలదు. ఇంకో చిక్కు, 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత జిల్లా అంకెల పక్కన కొత్త జిల్లా అంకెలు పెడితే లెక్క మొత్తం తప్పుతుంది. జిల్లా వదిలేసి ఊరి స్థాయికి దిగడమే మేలు.

నేనైతే ట్రాక్టర్ వైపే వెళ్తాను. "సొంత ట్రాక్టర్ లేని, ఐదెకరాల లోపు రైతులకు పూడిక మట్టి ఏ మేరకు అందింది, అందకపోతే ఏది అడ్డొచ్చింది?" ఎరువుల లెక్క మర్చిపోయిన రైతుకూ, మట్టి తోలుకున్నాడో లేదో, కిరాయికి ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో గుర్తుంటుంది. రెండు ఊళ్లు, ఒక్కో ఊళ్లో ముప్పై ఇళ్లు తిరిగితే ఒక సెమిస్టర్ పేపర్‌కు సరిపోతుంది.

గైడ్‌కు చూపించే ముందు ఆ వాక్యాన్ని ఆ ఊరి రైతుకే చదివి వినిపించండి. "ఇది అడగడానికి ఇంత దూరం వచ్చావా?" అన్నాడంటే, ఏం అడగాలో కూడా ఆయనే చెప్తాడు.