పిల్లల కోసం గొంతు దాచేటప్పుడు

జబ్బు ముదిరిందని తెలిశాక మా అక్క పిల్లలిద్దరికీ నాలుగు మాటలు చెప్పిపెట్టాలనుకుంది. వీడియో ఆన్ చేస్తే చాలు, ఏడుపు. రెండు రోజులు అదే వరస. చివరికి నేనే ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టి, "చేపల పులుసు ఎట్ట పెడతావో చెప్పక్కా" అన్నాను. ఇంక ఆగలేదు. మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలో, గరిటె పెట్టకుండా దాక పట్టుకుని ఎట్ట తిప్పాలో, మర్నాడు తింటేనే రుచెందుకో. మధ్యలో చిన్నదానితో, "అమ్మణ్ణీ, ముల్లు చూసుకుని తిను". కావలిలో ఆ పిల్ల ఇప్పటికీ ఎక్కువగా వినేది ఆ ముక్కే.

కాబట్టి పెద్ద సందేశాల కోసం టెన్షన్ పడొద్దు. ఒంట్లో ఓపికున్న పూట, రెండు మూడు నిమిషాలు, ఒక్కో బిడ్డకి విడిగా చెప్పించండి. "డాక్టరే కావాలి" లాంటివి మాత్రం వద్దు, అవి పిల్లల మెడకు చుట్టుకుంటాయి.

రికార్డింగులు వాట్సాప్‌లోనే వదిలేయకండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో రోజూ వాడేవాళ్ల గూగుల్ డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. పోయినవాళ్ల ఖాతాలోనే ఉంచితే, 2 ఏళ్లు ఎవరూ తెరవకపోతే గూగుల్ దాన్ని తీసేయొచ్చు.

ఫోన్ లాక్ నంబరు కూడా కాగితం మీద రాయించుకోండి. మేం అది మర్చిపోయాం. అక్క ఫోన్‌లో మిగిలినవి ఇంకా తీయలేకపోయాం.