ప్రభుత్వ బడిలో భోజనానికి దరఖాస్తు ఎలా చేయాలి?

పోయిన జూన్‌లో బడులు తెరిచిన మూడో రోజున హనుమకొండ బస్టాండులో ఒక తల్లి నన్ను గుర్తుపట్టి ఆగింది. ఆమె పెద్ద కొడుకు నా దగ్గర చదువుకున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. పైన పెద్ద అక్షరాలతో "మధ్యాహ్న భోజన పథకం – దరఖాస్తు ఫారం" అని ఉంది. కింద ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం నంబర్లకు గడులు, మూలన పిల్ల ఫోటో. "సార్, చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేస్తున్నాను. ఇది ఎమ్మార్వో ఆఫీసులో ఇవ్వాలా, బడిలో ఇవ్వాలా?" అని అడిగింది. ఆ కాగితం నింపినందుకు ఒక నెట్ సెంటరులో నూట యాభై రూపాయలు తీసుకున్నారట. ముందు రోజు పత్తి గింజలు పెట్టడానికి వెళ్లి తెచ్చుకున్న కూలిలోంచి ఇచ్చింది.

ఆ కాగితానికి ఎక్కడా విలువ లేదు. ప్రభుత్వ బడిలో భోజనానికి వేరే దరఖాస్తు లేదు, రుసుము లేదు, ఆదాయ పరిమితి లేదు, తెల్ల కార్డు ఉండాలన్న నియమమూ లేదు. పిల్ల పేరు బడి ప్రవేశ రిజిస్టరులో ఎక్కితే ఆ రోజు మధ్యాహ్నం నుంచే పళ్లెం ఆమెది. మండల పరిషత్ బడుల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనవాణ్ని కనుక ఈ మాట గట్టిగా చెప్పగలను. ఆ తల్లిలా ఇంకెవరూ మోసపోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇది ఎవరికి వర్తిస్తుంది

ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల్లో, ప్రభుత్వ సాయం పొందే ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలందరికీ వర్తిస్తుంది. కేంద్ర పథకం ఎనిమిదో తరగతి వరకే. దాన్నే 2021 నుంచి పీఎం పోషణ్ అంటున్నారు. మన తెలంగాణ రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ పెడతారు, ఆ ఖర్చు రాష్ట్రానిది. ప్రైవేటు బడుల పిల్లలకు ఇది లేదు.

ఇది ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలైంది. అంతకుముందు నెలకు ఇంత బియ్యమని ఇంటికి పంపేవారు. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టం ఐదో సెక్షను దీన్ని హక్కుగా రాసింది. సెలవు రోజులు తప్ప బడి నడిచే ప్రతి రోజూ ఉచితంగా ఒక పూట భోజనం పెట్టాలి. దసరాకో, సమ్మక్క సారలమ్మ జాతరకో సెలవిస్తే ఆ రోజుల్లో ఉండదు. కరువు మండలాలుగా ప్రకటించిన చోట మాత్రం వేసవి సెలవుల్లోనూ పెట్టే వీలు ఉంది.

అసలు దరఖాస్తు: బడిలో పేరు రాయించడం

జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లే ఇంటింటికీ వస్తారు. ఆ కార్యక్రమానికి పెట్టింది ప్రొఫెసర్ జయశంకర్ పేరు. ఆయన పుట్టిన అక్కంపేట మా ఆత్మకూరు మండలంలోదే. టీచర్లు వచ్చినప్పుడే పేరు ఇవ్వడం అన్నిటికంటే సులువు. అప్పుడు ఇంట్లో లేకపోతే నేరుగా బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయుణ్ని అడగండి. ఆయన ఇచ్చే ప్రవేశ ఫారం ఒక్కటే మీరు నింపాల్సింది. చదవడం రాకపోతే టీచరే నింపి మీ వేలిముద్ర తీసుకుంటారు.

వెంట తీసుకెళ్లాల్సినవి పుట్టిన తేదీ ధ్రువపత్రం, పిల్ల ఫోటోలు, ఆధార్ ఉంటే దాని నకలు, కులం ధ్రువపత్రం ఉంటే అది, వేరే బడి నుంచి వస్తుంటే బదిలీ పత్రం. వీటిలో ఏది లేకపోయినా "రేపు రండి" అనడానికి వీల్లేదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం ఆపకూడదు, బదిలీ పత్రం ఆలస్యమైందనీ ఆపకూడదు. ముందు చేర్చుకుని, కాగితాలు తర్వాత అడగాలి.

ఆధార్ గురించి ఎక్కువ మంది భయపడతారు. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని, ఆధార్ లేదని పిల్లలకు రావాల్సినది నిలిపివేయకూడదని స్పష్టంగా చెప్పింది. ఆధార్ తీయించుకోవడం మంచిదే, స్కాలర్‌షిప్పుల దగ్గర పనికొస్తుంది. కానీ అది లేదని పిల్లను పంక్తిలోంచి లేపకూడదు.

ఏడాది మధ్యలో వచ్చేవారు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ పిల్లల సంగతి. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. అదే సమయంలో మన పల్లెల నుంచి పత్తి ఏరడానికి, మిర్చి కోతకు వేరే ఊళ్లకు వెళ్లేవారూ ఉంటారు. "ఫిబ్రవరిలో ఎవరు చేర్చుకుంటారు?" అని తల్లిదండ్రులే అనుకుని ఊరుకుంటారు. చేర్చుకుంటారు. ఏడాదిలో ఏ రోజు వచ్చినా చేర్చుకోవాలన్నదీ చట్టంలో ఉన్నదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇప్పుడు ప్రతి పిల్లకూ యూడైస్ అనే బడుల ఆన్‌లైన్ రికార్డులో పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాత బడి ఆ పేరును వదలకపోతే కొత్త బడి తన జాబితాలోకి తెచ్చుకోలేదు. ఊరు విడిచే ముందు పాత బడికి వెళ్లి ఆ నంబరు ఒక కాగితం మీద రాయించుకోండి, పేరును డ్రాప్ బాక్సులో, అంటే ఆ రికార్డులో బడి వదిలిన పిల్లల జాబితాలో, పెట్టమని చెప్పండి. మరిచిపోయి వచ్చేస్తే కొత్త ప్రధానోపాధ్యాయుడు పాత బడికి ఫోను చేసి చేయించుకోగలరు. అది తేలేదాకా పిల్లకు అన్నం పెట్టకుండా ఆపడం తప్పు. కంప్యూటర్లో పేరు ఎక్కడానికి వారం పట్టినా ఆకలికి వారం ఆగడం తెలియదు.

ఉదయం పూట సంగతి

2023 జూన్‌లో మన బడుల్లో రాగి జావ మొదలైంది. వారంలో గుడ్డు పెట్టని మూడు రోజులు, ఉదయం బెల్లం కలిపిన జావ ఇచ్చే ఏర్పాటు అది. అదే ఏడాది అక్టోబరు 6న రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో "ముఖ్యమంత్రి అల్పాహార పథకం" మొదలైంది. బడి గంటకు ముందే ఇడ్లీ, ఉప్మా, పూరీ, పొంగలి వంటివి పెట్టాలన్నది ఉద్దేశం. వీటికీ దరఖాస్తు లేదు. మీ బడిలో ఉదయం ఏమి పెడుతున్నారో, ఎన్ని గంటలకో చేర్పించే రోజునే అడిగి తెలుసుకోండి. తెల్లవారుజామున పనికి వెళ్లే తల్లులు పిల్లలను ఖాళీ కడుపుతో పంపాలా, ఏదైనా తినిపించి పంపాలా అన్నది ఆ జవాబును బట్టి ఉంటుంది.

పళ్లెంలో ఎంత ఉండాలి

ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వరకు బియ్యం నూట యాభై, పప్పు ముప్పై, కూరగాయలు డెబ్బై ఐదు. 2015 జనవరి నుంచి మన బడులకు సన్న బియ్యమే వస్తోంది. వారానికి మూడు రోజులు గుడ్డు, తినని వారికి అరటిపండు. ఆ రోజు ఏమి వండుతున్నారో బడి గోడ మీద రాసి ఉండాలి. వడ్డించే ముందు ఒక టీచరు తిని చూడాలి.

బియ్యం గురించి ఒక మాట. ఒకసారి ఒక తాత గుప్పెడు బియ్యం రుమాలులో మూటకట్టుకుని వచ్చి, నా బల్ల మీద పోసి, వేలితో నాలుగు గింజలు వేరు చేశాడు. మిగతా వాటికంటే కొంచెం పాలిపోయి, గీత లేకుండా నున్నగా ఉన్నాయి. గ్లాసు నీళ్లలో వేస్తే తేలాయి. "ప్లాస్టిక్ బియ్యం పెడుతున్నారు సారూ" అన్నాడు. ఆయన మనవరాలు రెండు రోజులుగా బడిలో తినడం లేదు. అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజల ఆకారంలో తీసి, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపినవి. పిల్లల్లో రక్తహీనత తగ్గాలన్నది దాని ఉద్దేశం. ఆ తాత ముందే నాలుగు గింజలు ఉడికించి నలిపి చూపించాను, మెత్తగా అన్నంలాగే నలిగాయి. అనుమానం ఉన్నవారు ఇంట్లోనూ ఇలాగే చేసి చూడవచ్చు. తలసేమియా, సికిల్ సెల్ వంటి జబ్బు ఉన్న పిల్లలైతే మాత్రం డాక్టరును అడిగి, ఆయన చెప్పినది ప్రధానోపాధ్యాయుడికి రాసి ఇవ్వండి.

గుడ్డు పడని, పల్లీలు పడని పిల్లలు కూడా ఉంటారు. నోటిమాటగా చెబితే టీచరు మారినప్పుడు పోతుంది. చేర్పించే రోజునే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, వంట చేసే అమ్మలకూ ఒకసారి పిల్లను చూపించండి.

అన్నం బాగా లేనప్పుడు, అసలు పెట్టనప్పుడు

ముందుగా వంట చేసేవారి సంగతి తెలుసుకోండి. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు వంట ఏజెన్సీ మహిళలు ముందు తమ చేతి డబ్బుతోనో కిరాణా కొట్టులో అరువుతోనో తెచ్చి, తర్వాత బిల్లు పెట్టుకుంటారు. 2025 మే నుంచి ఆ ఖర్చు కింద ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 10.17 రూపాయలు. బిల్లు ఆలస్యమైతే చారు పలచబడేది అక్కడే. నీళ్ల చారు కనిపించగానే గుండిగ దగ్గర నిలబడ్డ మనిషి మీద అరవడం అన్యాయం. ఎక్కడ ఆగిందో అడగండి, వీలైతే ఆ బిల్లు కోసం కూడా మీరే అర్జీ రాయండి.

చెప్పాల్సిన వరుస ఇది. మొదట ప్రధానోపాధ్యాయుడు. తర్వాత పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు ఉండాలి. ఆ పైన మండల విద్యాధికారి, ఆ తర్వాత జిల్లా విద్యాధికారి. అప్పటికీ తేలకపోతే సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి. హనుమకొండ, వరంగల్ ఇప్పుడు రెండు జిల్లాలు, 2021లో పేర్లు మారాయి. మీ మండలం ఏ జిల్లాలోదో చూసుకుని ఆ కలెక్టరేటుకే వెళ్లండి, లేకపోతే ఒక పూట వృథా అవుతుంది.

2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల్లో ఎక్కువ మందికి తెలియని మూడు సంగతులు ఉన్నాయి. బియ్యమో వంట డబ్బో తాత్కాలికంగా అయిపోతే, బడిలో ఉన్న ఏ నిధినైనా వాడి అన్నం పెట్టే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఉంది. ఏ కారణంగానైనా భోజనం పెట్టలేకపోతే, ఆ రోజుల బియ్యమూ వంట ఖర్చూ ఆహార భద్రతా భత్యంగా మరుసటి నెల 15వ తేదీలోగా పిల్లలకు ఇవ్వాలి. వరుసగా మూడు బడి రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. అందుకే పెట్టని ప్రతి రోజునూ ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

అర్జీ పెద్దగా ఉండనక్కరలేదు. నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది:

*మండల విద్యాధికారి గారికి,*
*అయ్యా, మా పాప ___ గ్రామంలోని ప్రాథమిక పాఠశాలలో ___ తరగతి చదువుతోంది. ఈ నెల ___, ___, ___ తేదీల్లో బడిలో మధ్యాహ్న భోజనం పెట్టలేదు. ప్రధానోపాధ్యాయుడికి ___ తేదీన తెలియజేశాం. భోజనం వెంటనే మొదలుపెట్టించాలని, ఆ మూడు రోజులకు రావాల్సిన ఆహార భద్రతా భత్యం ఇప్పించాలని కోరుతున్నాం.*
*ఇట్లు, (తల్లి లేదా తండ్రి సంతకం, తేదీ)*

తిట్లు వద్దు, అనుమానాలు వద్దు. తేదీలు ఉంటే చాలు. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సంతకం చేస్తే ఇంకా మంచిది.

బడి ఈడు రాని పిల్లలు, హాస్టల్ పిల్లలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో వేడి భోజనం, అంతకంటే చిన్నవారికి ఇంటికి బాలామృతం ఇస్తారు. గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి కింద పాలు, గుడ్డుతో ఒక పూట పూర్తి భోజనం ఉంది. వీటికి అంగన్‌వాడీ టీచరు దగ్గర పేరు రాయించడమే పద్ధతి. నిజంగా ఆన్‌లైన్ దరఖాస్తు ఉన్నది గురుకులాలకే. ఐదో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, చేరితే మూడు పూటలా భోజనం అక్కడే. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలైతే ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ విద్యాలయాలు ఉన్నాయి. అక్కడికి నేరుగా వెళ్లి అడగవచ్చు.

అర్జీ ఎక్కడ ఇచ్చినా రెండు నకళ్లు తీసుకెళ్లండి. ఒకటి వారికి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ప్రజావాణిలో రసీదు ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు లేకుండా మళ్లీ వెళితే మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. పిల్ల ప్రవేశ కాగితాలున్న కవరులోనే దాన్నీ దాచిపెట్టండి.